పసుపు గీతకు ఇవతల

టార్గెట్ చట్రానికి మేకులు కొడుతున్న ఆర్విల్ టెంచ్ మోచేతికి జానెడు దూరంలో తూటా దిగి రెండు వారాలయింది. లైను చల్లబడిందని, అంటే కాల్పులు ఆపమని, విజిల్ ఊదాక, మనుషులు అవతల తిరుగుతుండగా, ఎవరు కాల్చారో ఇప్పటికీ తేలలేదు. రేకుల కప్పు కింద మోత నాలుగు వైపులా కొట్టుకుంటుంది. ఏ బల్ల మీంచి వచ్చిందో తెలియక ఆ రోజు ప్రతివాడూ పక్కవాడి వైపే చూశాడు. టానర్స్ హాలో షూటింగ్ రేంజ్ ఎవరి సొంతమూ కాదు, కౌంటీలో తుపాకీ ఉన్న ప్రతివాడిదీ. కౌంటీ పెద్దలు ఒకటే మాట అన్నారు: ఈ వచ్చే మంగళవారం సభలోగా కాల్చినవాడు దొరకాలి, లేకపోతే గేటుకు తాళం పడుతుంది. ఈ ఏడు వేసవిలోనే రేంజ్ పెద్దగా ఎర్ర చొక్కా తొడుక్కున్న కోరిన్ డుడెక్, ఆ సాయంత్రమే ఒక అట్ట మీద రాసి గేటుకు కట్టింది. లైను చల్లగా ఉండగా తుపాకీ ముట్టుకున్నవాళ్ళు, ఎవరైనా సరే, ఆ సీజనంతా గేటు బయటే. 'ఎవరైనా సరే' కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు చూసి ఆమె మామగారు క్యాజ్ డుడెక్ నవ్వాడు. "ఒకటి చాలేది" అన్నాడు.

ఇవాళ శనివారం. జింకల వేట మొదలవడానికి ఇంకా వారమే ఉంది. తుపాకుల గురి సరిచూసుకోవడానికి ఇదే ఆఖరి శనివారం కనక, పొద్దుటి మంచు విడవకముందే పికప్పులు రోడ్డు దాకా బారు తీరాయి. నారింజ రంగు కోట్లు, ఫ్లాస్కుల్లో కాఫీ, జింక మాంసం సాసేజీ ముక్కలు, పోయినేడు తప్పిపోయిన దుప్పి కథల్లో ఈ ఏడు ఇంకొంచెం పెద్దవైన కొమ్ములు.

కొత్త రేకుల కప్పు కింద, స్తంభానికి బిగించిన బోర్డు ఒకటి పాత ఫ్లానెల్ దుప్పటి కప్పుకొని ఉంది. ఆ దుప్పటి బెర్నిస్‌ది. క్యాజ్‌కి పెళ్ళాం, కోరిన్‌కి అత్తగారు. దుప్పటి కింద ఉన్న పేరేమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. పన్నెండింటికి కౌంటీ పెద్దలు వచ్చి ఆ దుప్పటి లాగిస్తారు. అప్పటినుంచి ఆ కప్పు, క్యాజ్ పూర్తి పేరు మీద, కాసిమిర్ డుడెక్ షెడ్డు అవుతుంది.

బెర్నిస్ షెడ్డు వాకిట్లో గ్యాసు పొయ్యి మీద పెద్ద బిందెంత గిన్నెలో బీన్స్ సూపు కలుపుతోంది. పంది తొడ ఎముక అందులో రాత్రి నుంచీ ఉడికి మెత్తబడిపోయింది.

"ఉప్పు చూడు" అని గరిటె అందించింది.

"సరిపోయింది, మామ్" అంది కోరిన్.

"సరిపోయిందంటే తక్కువైందని అర్థం. నీ మర్యాద నాకు కొత్తా?" అని ఇంకో చిటికెడు వేసింది. "మీ మామగారు పొద్దున మూడు చొక్కాలు మార్చాడు. ఏమిటీ సింగారం, జింకలకి నచ్చడానికా అన్నాను. పలకలేదు. మా పెళ్ళికి కూడా ఒకటే చొక్కా వేసుకొచ్చాడు ఈ మనిషి."

కోరిన్ నవ్వింది. రెండు వారాలుగా ఆమెకి సరిగ్గా నిద్ర లేదు. కానీ ఈ పొద్దున లైను వైపు చూస్తుంటే లోపల ఏదో నిటారుగా నిలబడినట్టుంది. వరసగా బల్లలు. బల్లల వెనక, సిమెంటు నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకి పసుపు గీత. ఆమె విజిల్ ఊది "లైను చల్లబడింది" అనగానే ప్రతివాడూ బోల్టు వెనక్కి లాగి, తూటా గది ఖాళీగా ఉందని నారింజ రంగు ప్లాస్టిక్ జెండా గుచ్చి, తుపాకీని బల్ల మీదే వదిలేసి గీతకు ఇవతలికి వస్తాడు. అందరూ వచ్చారని చూసుకున్నాకే టార్గెట్లు మార్చుకునేవాళ్ళు మట్టికట్ట దాకా నడుస్తారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా గీత దాటి బల్ల దగ్గరికి ఎవరూ పోకూడదు. ఆ మధ్యలో అంత మంది మగాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకొని, చర్చిలో ప్రసాదానికి నిలబడ్డట్టు నిలబడతారు. వాళ్ళందరూ నిలబడేది తన ఈల మీద. స్కూలు క్యాంటీన్‌లో పిల్లలకి బంగాళదుంపలు వడ్డించే చేతికి ఈ ఊరు ఆ ఈల ఇచ్చింది.

ఆ గీత గీసింది క్యాజ్. బొగ్గు తవ్వేసి వదిలిన గోతుల్లో కుర్రాళ్ళు సీసాల మీద కాల్చుకుంటూ ఉండగా, రాయికి తగిలి తిరిగొచ్చిన గుండు ఒక పిల్లాడి కన్ను తీసింది. ఆ మర్నాడే ఆయన బుల్డోజరు అరువు తెచ్చి ఈ మట్టికట్ట పోయించాడు. ప్రతి వసంతంలో మోకాళ్ళ మీద కూర్చొని ఆ గీతకి మళ్ళీ రంగు వేస్తాడు. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డాడు. ఈ ఏడు కూడా వేశాడు. గీత కొంచెం వంకరపోయింది. ఎవరూ అనలేదు.

ఆరో బల్ల దగ్గర ఆయన మనవరాలు, కోరిన్ కూతురు టెస్సా కూర్చుంది. పదమూడేళ్ళు. ఇది ఆ పిల్లకి మొదటి వేట. చేతిలో ఉన్నది తాత రైఫిలే. వెనక తాత, పక్కన తండ్రి గ్లెన్, క్యాజ్ పెద్ద కొడుకు.

"ఊపిరి సగం వదిలి ఆపు" అంటున్నాడు క్యాజ్. "ట్రిగ్గర్ని లాగకు. పిల్లి తోక నిమిరినట్టు నొక్కు."

"పిల్లి తోక నిమిరితే గీరుతుంది, జాజా" అంది టెస్సా. తాతని ఆ పిల్ల అలాగే పిలుస్తుంది.

"అయితే గీరని పిల్లి అనుకో. నోరు మూసుకొని కాల్చు."

మూడు మోతలు, నింపాదిగా. గ్లెన్ కూతురి భుజం తట్టాడు. కోరిన్ లైనంతా ఓసారి చూసి విజిల్ ఊదింది. "లైను చల్లబడింది. బోల్టు తెరవండి, జెండా పెట్టండి, గీత వెనక్కి రండి." బోల్టులు టకటకలాడాయి. అందరూ వెనక్కి వచ్చారు. ఆమె బల్లలన్నీ నడిచి చూసి చెయ్యి ఊపింది. పది పన్నెండు మంది టార్గెట్ల వైపు నడిచారు. అందరికంటే ముందు టెస్సా, చేతిలో స్టేప్లరు, వీపు మీద ఊగుతున్న జడ. ఆమె వెనకాలే గ్లెన్.

చివరి బల్ల దగ్గర ఎవరో కొత్తవాడి జెండా జారి కింద పడితే కోరిన్ వంగి తీసింది. తల ఎత్తేసరికి, పసుపు గీతకు అవతల ఒక నారింజ కోటు కనబడింది.

ఆరో బల్ల. క్యాజ్ కూర్చున్నాడు. చెంప రైఫిలు చెక్కపిడికి ఆనించి, ఒక కన్ను మూసి, స్కోపులోంచి చూస్తున్నాడు. గొట్టం మట్టికట్ట వైపు తిరిగి ఉంది. అక్కడ టెస్సా మునివేళ్ళ మీద నిలబడి కాగితం అంటిస్తోంది.

కోరిన్ మూడు సార్లు విజిల్ ఊదింది. అవతల నడుస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఇవతల మాటలు తెగిపోయాయి.

"పాప్." ఇంట్లో పెద్దాయన్ని అందరూ అలాగే పిలుస్తారు. "చేతులు తుపాకీ మీంచి తీసెయ్యండి. లేచి గీత ఇవతలికి రండి."

ఆయన కదల్లేదు. "ఉండమ్మాయ్. మూడు చిల్లులూ కలిపి పావు డాలరు బిళ్ళ కింద దాచెయ్యొచ్చు. ముగ్గురు మగపిల్లల్ని పెంచినా ఇలాంటి గురి చూడలేదు నేను."

"పాప్."

అప్పుడు తల తిప్పాడు. ఆ గొంతు ఇంట్లో వినేది కాదని అప్పుడు తెలిసినట్టుంది. చెంప తీశాడు గానీ చెయ్యి రైఫిలు మీదే ఉంది. "బోల్టు తెరిచే ఉంది కదా. జెండా పెట్టే ఉంది. చూడు. ఖాళీదే."

"కనబడుతోంది. లేవండి."

గీత వెనక నిలబడ్డవాళ్ళలోంచి ఎవరో నవ్వారు. ఇనప సామాను కొట్టు మార్వ్ స్ట్రాంక్. "పోనీలే కోరిన్. రేంజ్ కట్టినవాణ్ణే లేవగొడతావా? రేపు ఆదివారం పాదిరీగారిని చర్చిలోంచి పంపేస్తావు కామోసు."

ఇంకో నలుగురు నవ్వారు. నవ్వు ఆమె మీద కాదు, బరువు దించుకోవడానికి. అది ఆమెకి తెలుసు. తెలిసినా చెవులు వేడెక్కాయి.

"పాదిరీగారు తుపాకీ పట్టుకుంటే ఆయన్నీ పంపిస్తాను, మార్వ్. నువ్వు రెండడుగులు వెనక్కి జరుగు. బూటు గీత మీద ఉంది."

మార్వ్ కిందికి చూసుకొని జరిగాడు.

క్యాజ్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచాడు. మోకాలు పట్టేసింది, ఒక్క క్షణం అలాగే వంగి ఉండిపోయాడు. ఎవరూ సాయానికి రాలేదు. రాకూడదు, ఆయనున్నది గీతకు అవతల. తనే లేచి, నడిచి, గీత దాటి, కోరిన్ ఎదురుగా నిలబడ్డాడు.

"సరే. వచ్చాను. తప్పే. చాలా?"

"గేటు బయటికి వెళ్ళాలి, పాప్."

"ఏమన్నావు?"

"అట్ట మీద రాసిందే అన్నాను."

ఆయన ముఖం మెడ నుంచి ఎర్రబడుతూ పైకి పాకింది. "ఈ గీత నేను గీశాను. నీకు పాలపళ్ళు ఊడకముందు. ఈ మట్టి నేను పోశాను. ఇవాళ ఏ రోజో తెలుసా నీకు?"

"తెలుసు."

"పన్నెండింటికి ఆ దుప్పటి లాగుతారు. దాని కింద ఎవరి పేరుంది?"

"మీదే. కంచె అవతలి నుంచి కనబడుతుంది."

కోరిన్ ఇంత కటువుగా అనాలని అనుకోలేదు. మామగారి కళ్ళలోకి చూస్తూ ఇంతవరకు పెదవి విరిచి ఎరగదు. ఈ మనిషి తన పెళ్ళినాడు తన తండ్రి లేడని, చెయ్యి పట్టుకొని చర్చిలో నడిపించుకెళ్ళాడు. ఎర్ర చొక్కా ఆడదానికేమిటని కౌంటీ వాళ్ళు నసిగితే, బల్ల గుద్ది ఇప్పించినవాడూ ఈయనే.

అవతలి నుంచి గ్లెన్ పరుగు లాంటి నడకతో వచ్చాడు. అతని ముఖం పాలిపోయి ఉంది.

"కోరిన్, వదిలెయ్. ఇవాళ కాదు."

"నువ్వు గీత ఇవతలికి వచ్చి మాట్లాడు."

వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఖాళీదే కదా. ఎవరికీ ఏం కాలేదు. జరగనిదానికి మా నాన్న పరువు ఊరందరి ముందు తీస్తావా?"

"గొట్టం ఎటు తిరిగి ఉందో చూశావా? అక్కడ ఎవరున్నారో చూశావా?"

గ్లెన్ తల దించుకొని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎప్పుడూ ఇలా వెనక్కి తగ్గే మనిషి కాదు. తండ్రి తరఫున సిగ్గుపడుతున్నాడేమో అనుకుంది కోరిన్.

ఆమె మళ్ళీ క్యాజ్ వైపు తిరిగింది. "ప్రతి ఏడూ థాంక్స్‌గివింగ్ పండగ విందులో టర్కీ కోడి కోసే ముందు మీరొక సంగతి చెబుతారు. జడ్జి ప్రెంటిస్ సంగతి. వచ్చే గురువారం కూడా చెబుతారు. ఇక్కడ చెప్పండి. వీళ్ళలో విననివాళ్ళుంటే వింటారు."



ఆ కథ విననివాడు ఆ కౌంటీలో లేడు. రేంజ్ తెరిచిన ఏడే, లైను చల్లబడ్డాక జడ్జిగారు వంగి తన కొత్త తుపాకీ మీద దుమ్ము తుడిచాడు. గని పనిలోంచి అప్పుడే వచ్చిన క్యాజ్ డుడెక్, మసి చేతులతో, ఆయన ముందు నిలబడి గేటు చూపించాడు. జడ్జి ఒక్క మాట అనకుండా టోపీ తీసి వెళ్ళిపోయాడు. కథ అక్కడికి వచ్చేసరికి క్యాజ్ తన టోపీ తీసి చూపిస్తాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. బెర్నిస్ "టర్కీ చల్లారిపోతోంది" అంటుంది.

సూపు ఉడికే చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు మీదుగా బెర్నిస్ గొంతు వచ్చింది. గట్టిగా కాదు, వంటింట్లోంచి ఉప్పుడబ్బా అడిగినట్టు.

"జడ్జి తుపాకీ కూడా ఖాళీదే, క్యాజ్."

ఆయన పెళ్ళాం వైపు చూశాడు. ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. ఆయన మట్టికట్ట వైపు చూశాడు. అక్కడ టెస్సా స్టేప్లరు గుండెకి హత్తుకొని, కదలొద్దన్నారు కనక కదలకుండా, నిలబడి ఉంది.

తర్వాత టోపీ తీశాడు.

ఏమీ అనలేదు. టోపీ చేతిలో పట్టుకొని, మోకాలు కొంచెం ఈడుస్తూ, జనం మధ్య నుంచి గేటు వైపు నడిచాడు. వీపు మాత్రం వంచలేదు. దారి ఇవ్వడానికి పక్కకి జరిగిన మార్వ్ స్ట్రాంక్ తన టోపీ కూడా తీశాడు. అతన్ని చూసి పక్కవాడు. ఆయన గేటు చేరేసరికి గీత వెనక ఒక్క తల మీద కూడా టోపీ లేదు. నవంబరు చలిలో బట్టతలల మీంచి ఆవిర్లు లేస్తున్నాయి.

కోరిన్ అవతలివాళ్ళకి రమ్మని చెయ్యి ఊపింది. టెస్సా పరుగెత్తుకొచ్చి అమ్మ ముందు ఆగింది.

"జాజా ఎటు వెళ్తున్నాడు? నా వల్లేనా?"

"నీ గురి వల్ల. చూసి చూసి ఒళ్ళు మరిచిపోయాడు."

"మరి నేనింకా కాల్చొచ్చా?"

"నీ మూడు గుళ్ళూ ఒకచోటే పడ్డాయట. ఆయన చెప్పాడు. వెళ్ళి గీత వెనక నిలబడు."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకొని నిలబడింది. కోరిన్ లైను ఆ చివర దాకా నడిచి, వెనక్కి నడిచి, "లైను వేడెక్కింది" అంది. గొంతు వణకలేదు. కాళ్ళు మాత్రం ఎర్ర చొక్కా కింద ఎవరివో అయినట్టు వణుకుతున్నాయి. తుపాకులు మళ్ళీ మోగాయి. ఇన్నాళ్ళూ ఆ గీత మామగారిది. ఇవాళ పొద్దున అది అందరిదీ అయింది. ఆ పని తన చేతుల మీదుగా జరిగింది.

కాసేపయ్యాక బెర్నిస్ సూపు గిన్నె, రొట్టె ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళు. పికప్పులో కూర్చున్నాడు."

"నా ముఖం చూడడు, మామ్."

"నా ముఖమూ చూడడు. నేనూ ఒక మాట అన్నాను కదా. సూపు ముఖం చూస్తాడులే."

లైను ఆర్విల్ టెంచ్‌కి అప్పగించి కోరిన్ గేటు దాటింది.

క్యాజ్ బండి కంచెకి ఆనించి నిలిపి ఉంది, ముఖం షెడ్డు వైపు. ఇంజను ఆపి, కిటికీ దించుకొని కూర్చున్నాడు. ఆమె గిన్నె అందించింది. తీసుకున్నాడు. ఒక చెంచా తాగాడు.

"ఉప్పు తక్కువ."

"మామ్ ఇంకో చిటికెడు కూడా వేసింది."

"అయినా తక్కువే. ఎక్కి కూర్చో. చలికి బిగుసుకుపోతావు."

పక్క సీటు మీది వేట కత్తి, చేతి తొడుగులు జరిపి కూర్చుంది. ఇద్దరూ ముందు అద్దంలోంచి దుప్పటి కప్పిన బోర్డు వైపు చూశారు.

"ఒకటి అడుగుతాను" అంది కోరిన్. "నన్ను పరీక్ష చెయ్యడానికి చేశారా?"

"అలా అని చెబితే నాకు బాగుండును." రొట్టె తుంచి సూపులో ముంచాడు. "కాదు. దుర్బీను ఇంట్లో మరిచిపోయాను. మూడు చొక్కాలు మార్చినవాడికి దుర్బీను గుర్తుంటుందా? పిల్ల చిల్లులు చూడాలనిపించింది. స్కోపు ఎదురుగా ఉంది. అంతే. ఊళ్ళో సగం మంది చేసే పని అది, ఎవరూ చూడనప్పుడు. నేను మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. ఇవాళే."

చెంచా ఆపాడు.

"స్కోపులో ఏం కనబడిందో చెప్పనా? అడ్డగీత, నిలువుగీత. రెండూ కలిసే చోట దాని జడ. నేను చూశాను, కోరిన్. చూసి కూడా, అది కొంచెం పక్కకి జరిగితే మూడో చిల్లు కనబడునే అనుకున్నాను."

ఆమె ఆయన ముడతలు పడ్డ చెయ్యి మీద చెయ్యి వేసింది. తీసెయ్యలేదు ఆయన.

"జడ్జిని పంపినప్పుడు నా కాళ్ళు వణకలేదు" అన్నాడు. "ఆయన నాకేమవుతాడు? ఆయన పెత్తనం మీద కోపం కూడా ఉంది. హాయిగా పంపాను. నీ కాళ్ళు వణికాయి. చూశాను. అయినా పంపావు. వచ్చే గురువారం జడ్జి కథ చెప్పను. ఇది చెబుతాను."

"టర్కీ చల్లారిపోతుంది, పాప్."

ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు ముందు ఆగిపోయింది. గిన్నె డాష్‌బోర్డు మీద పెట్టి, కోటు లోపలి జేబులోంచి చేతిరుమాలు మూట తీశాడు. ఒళ్ళో పెట్టుకొని విప్పబోయి, విప్పకుండా ఉండిపోయాడు.

"నీతో ఖాళీదే అన్నానే, ఆ మాట నోరు దాటాక నాకు తల తీసేసినట్టయింది. రెండు వారాలుగా అదే మాట నా చెవుల్లో తిరుగుతోంది. ఇంకొకడి గొంతులో."

కోరిన్ ఆయన వైపు తిరిగింది.

"ఆర్విల్ పక్కన గుండు దిగిన రోజు నేను ఏడో బల్ల వెనక నిలబడి ఉన్నాను. ఇది సిమెంటు మీద దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. బూటు కింద తొక్కిపెట్టాను. అందరూ పక్కవాడి వైపు చూస్తున్నప్పుడు వంగి తీసుకున్నాను."

చేతిరుమాలు విప్పి ఆమె అరచేతిలో పెట్టాడు. కాల్చిన తూటా ఇత్తడి తొడుగు. ఆయన ఒంటి వేడి ఇంకా దానికి ఉంది. ఆమె దాన్ని తిప్పి అడుగున అచ్చువేసిన కొలత చదివింది. మళ్ళీ చదివింది.

ఇప్పుడు ఎవరూ కొనని పాతకాలపు కొలత అది. ఆ తూటా పట్టే రైఫిల్ ఈ కౌంటీలో ఇంకొకటి ఉందేమో ఆమెకి తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. తన ఇంటి నడవాలో, గొడుగులకీ టెస్సా స్కేట్లకీ మధ్య, అద్దాల బీరువాలో ఉంది. ఆ అద్దం వారం వారం తనే తుడుస్తుంది. క్యాజ్ దాన్ని తన పెద్ద కొడుక్కి పెళ్ళి కానుకగా ఇచ్చాడు.

"తను అప్పుడు బండి దగ్గర ఉన్నానన్నాడు" అంది కోరిన్. "టైర్లో గాలి చూస్తున్నానన్నాడు."

"ఆరో బల్ల దగ్గర ఉన్నాడు. లైను చల్లబడిందని విన్నాడు. ఇక ఇంటికి పోదామని, స్ప్రింగు వదులు చెయ్యడానికి ట్రిగ్గరు నొక్కాడు. ఖాళీదే అనుకున్నాను నాన్నా, అన్నాడు. చిన్నప్పుడు కుక్కపిల్ల బండి కింద పడితే ఏడ్చినట్టు ఏడ్చాడు. నేను నోరు మూసుకున్నాను. నీకు చెబితే నువ్వూ మూసుకోవలసి వస్తుందనుకున్నాను. ఇంట్లో ఒక పెళ్ళాన్ని అంత కష్టంలో పెట్టడం దేనికనుకున్నాను." కంచె అవతల ఎర్రగా ఏమీ లేని చోటు వైపు చూశాడు. ఆమె నిలబడే చోటు అది. "నువ్వు మూసుకునే మనిషివి కావని ఇవాళ తెలిసింది. ఇంక అది నా జేబులో ఉండకూడదు."

అగ్నిమాపక కేంద్రం మీద పన్నెండు గంటల సైరన్ మొదలైంది. లోయంతా నిండి, కొండలకి కొట్టుకొని తిరిగొచ్చింది. రోడ్డు మలుపులో కౌంటీ పెద్దల నల్ల కారు కనబడింది.

షెడ్డు కింద గ్లెన్ నిచ్చెన మీద నిలబడి దుప్పటి కొస సర్దుతున్నాడు. కింద టెస్సా నిచ్చెన పట్టుకొని ఉంది. అతను తండ్రి బండి వైపు చూసి చెయ్యి ఊపాడు.

"కోరిన్, వస్తున్నారు. నాన్నని కంచె దగ్గరికన్నా రమ్మను. ఇక్కడినుంచి కనబడాలి కదా."

ఆమె బండి దిగింది. ఇత్తడి తొడుగుని పిడికిట్లో పట్టుకొని గేటు దాటింది. ఆర్విల్ టెంచ్ ఆమె ముఖం చూసి ఏదో అడగబోయి, ఊరుకున్నాడు. ఆ రోజు చెక్కపేళ్ళు ఎగిరి చిరిగిన అతని కోటు మోచేతికి పెళ్ళాం వేసిన మాసిక కొత్తగా ఉంది. కౌంటీ కారు తలుపులు తెరుచుకున్నాయి. బెర్నిస్ గరిటె దించి చూసింది.

కోరిన్ విజిల్ పెదాల మధ్య పెట్టుకొని ఊదింది. "లైను చల్లబడింది" అంది. బోల్టులు తెరుచుకున్నాయి, జెండాలు నిలిచాయి, ఊరంతా వచ్చి గీత వెనక నిలబడింది.

అప్పుడు ఆమె నిచ్చెన మీది మొగుణ్ణి, అందరికీ వినబడేలా, పేరు పెట్టి పిలిచింది.